చీవర్ ‘ద స్విమ్మర్’: వేసవి ఏ పూల్ దగ్గర అయిపోయింది? భ్రమ ఎవరికి తొలగింది?

#1 కృష్ణలంక

మా పాఠక బృందంలో ఈసారి గంటన్నర చర్చ అమెరికన్ రచయిత జాన్ చీవర్ ‘ద స్విమ్మర్’ మీద. 1964 జులై 18 ‘న్యూయార్కర్’ సంచికలో వచ్చిన కథ. చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. నెడ్డీ మెరిల్ ఓ ఆదివారం మధ్యాహ్నం స్నేహితుల ఇంట్లో పూల్ ఒడ్డున కూర్చుని ఉంటాడు. తన ఇల్లు అక్కడికి ఎనిమిది మైళ్లు దక్షిణాన, బుల్లెట్ పార్క్ అనే ఊళ్లో ఉంది. దారిలో ఉన్న పూల్స్ అన్నీ వరసగా ఈదుకుంటూ ఇంటికి పోదామని బుద్ధి పుడుతుంది. ఆ వరసకి భార్య పేరు మీద ‘లూసిండా నది’ అని పేరు కూడా పెట్టుకుంటాడు. బయల్దేరినప్పుడు నడివేసవి. చేరేసరికి చలి, చీకటి. ఇంటికి తాళం, లోపల ఎవరూ లేరు.

రెండు ప్రశ్నలు. ఈ కాలం మార్పు ఏ పూల్ దగ్గర జరిగిందో వేలు పెట్టి చూపించగలమా? అమెరికన్ సబర్బ్ (నగర శివారు కాలనీల) కథలన్నిటినీ కలిపి ‘భ్రమలు తొలగిన కథలు’ అనేస్తుంటారు కదా, అసలు నెడ్డీకి భ్రమ తొలగిందంటారా?

#2 పాత సంచిక

మొదటి ప్రశ్నకి కాగితం మీద పటం గీస్తే సగం జవాబు దొరుకుతుంది. వరస ఇది: వెస్టర్‌హేజీ, గ్రాహం, హామర్, లియర్, హౌలండ్, క్రాస్‌కప్, బంకర్, లెవీ, వెల్చర్, లాంకాస్టర్ పబ్లిక్ పూల్, హాలొరన్, సాక్స్, బిస్వాంగర్, షర్లీ ఆడమ్స్, గిల్‌మార్టిన్, క్లైడ్. బయల్దేరిన చోటుతో కలిపి 16.

ఇప్పుడు ఎనిమిదో పేరు చూడండి. లెవీల ఇంట్లో ఎవరూ ఉండరు. నెడ్డీ ఈది, తనే ఓ గ్లాసు పోసుకుంటాడు. అది నాలుగోదో అయిదోదో అని, నదిలో దాదాపు సగం అయిపోయిందని కథకుడే చెప్తాడు. సరిగ్గా అక్కడ తుఫాను వస్తుంది. నెడ్డీ తోటలోని చిన్న మంటపంలో నిలబడి వాన చూస్తుంటాడు. శ్రీమతి లెవీ క్యోటోలో కొన్న జపాన్ లాంతర్లని వాన కొడుతుంటుంది. వాటిని కొన్నది రెండేళ్ల కిందటా, అంతకు ముందు ఏడాదా అన్న చిన్న అనుమానం ఆ వాక్యం చివర్లో తగిలించి ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి పోతారు. కథలో మొదటి పగులు అదే. ఆకుల కంటే ముందు, చలి కంటే ముందు, తేదీ జారిపోయింది.

వాన వెలిశాక మేపుల్ చెట్టు ఎర్రటి, పసుపు రంగు ఆకులు గడ్డి మీదా నీళ్ల మీదా రాలి ఉంటాయి. నడివేసవి కాబట్టి చెట్టుకి తెగులు పట్టి ఉండాలని నెడ్డీ తనకి తానే సర్దిచెప్పుకుంటాడు. పక్కనే లిండ్లీల గుర్రాల మైదానం గడ్డి పెరిగిపోయి ఉంటుంది. ఆ తర్వాత వెల్చర్ల పూల్ ఎండిపోయి, ఇంటి ముందు అమ్మకపు బోర్డు. మూడు గుర్తులూ ఒక్క పేజీ మేరలో పడతాయి. వేలు పెట్టాల్సింది లెవీల దగ్గరే.

బృందంలో చర్చ నడిపేటప్పుడు ఒక జాగ్రత్త. ‘ఆ మధ్యాహ్నంలో నిజంగా ఎన్నేళ్లు గడిచాయి’ అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. గంటన్నరా దానికే పోతుంది, తేలదు. నెడ్డీకి మతిమరుపా, మద్యమా, కలా అనేది కథ చెప్పదు. ఏ వివరణ తీసుకున్నా రెండు మూడు వాక్యాలు దానికి అడ్డం తిరుగుతాయి.

#3 చుక్కలవేట

నక్షత్రాల సంగతి కూడా కలపండి. పాత ప్రియురాలు షర్లీ ఆడమ్స్ ఇంటి నుంచి బయటికొచ్చాక నెడ్డీ తలెత్తి చూస్తే ఆండ్రోమిడా, సీఫియస్, కాసియోపియా కనిపిస్తాయి. నడివేసవి రాశులు ఏమయ్యాయని ఏడుస్తాడు.

వీటిలో రెండు అసలు సాక్ష్యమే కావు. కాసియోపియా, సీఫియస్ న్యూయార్క్ అక్షాంశంలో (సుమారు 41 డిగ్రీలు) ఏడాది పొడుగునా అస్తమించవు, ధ్రువం చుట్టూ తిరుగుతుంటాయి. జులైలో కూడా ఉత్తరాన వెతికితే దొరుకుతాయి. అసలు గడియారం ఆండ్రోమిడా. మన ఖగోళ పుస్తకాల్లో దేవయాని అంటారు; దాని తల దగ్గరి చుక్క ఉత్తరాభాద్రలో భాగం. జులై మధ్యలో చీకటి పడే వేళకి నడినెత్తిన ఉండేది హెర్క్యులీస్ మండలం, తూర్పు వైపు బాగా ఎత్తులో వేగా చుక్క. దేవయాని అప్పటికి ఈశాన్యంలో కింద ఉంటుంది, లేదా ఇంకా పొడవదు. అది రాత్రి తొమ్మిది ప్రాంతంలో నడినెత్తికి రావాలంటే నవంబరు మధ్య కావాలి. అంటే ఆకాశం లెక్కన నెడ్డీ నాలుగు నెలలు జారాడు, కనీసం.

#4 పాత సంచిక

చుక్కలవేట గారూ, బాగుంది. ఇంటి పరిస్థితి మాత్రం నాలుగు నెలల్లో వచ్చేది కాదు. గరాజ్ తలుపు పిడి పట్టుకుంటే చేతికి తుప్పు అంటుతుంది. చూరు నుంచి వాననీళ్ల గొట్టం ఊడి వాకిలి మీదకి వేలాడుతుంటుంది. వంటమనిషో పనిమనిషో తాళం వేసి పోయి ఉంటారని తిట్టుకోబోయి, వాళ్లని మానిపించి చాలాకాలమైందని గుర్తు తెచ్చుకుంటాడు. సాక్స్ దంపతుల దగ్గరైతే లెక్క ఇంకా పెద్దది. ఎరిక్‌కి ఆపరేషన్ అయి మూడేళ్లయిందట, అప్పట్నుంచి ఇంట్లో మందు చుక్క లేదట. ఆ ఆపరేషన్ సంగతే నెడ్డీకి గుర్తు లేదు. ఆకాశానికి నాలుగు నెలలు, ఇంటికి కొన్నేళ్లు, స్నేహితుడి పొట్ట మీది మచ్చలకి మూడేళ్లు. చీవర్ మూడు గడియారాలూ కావాలనే కలవకుండా పెట్టాడు.

ఇంకొకటుంది, శరీరం. మొదట్లో నెడ్డీ ఎప్పుడూ దూకేవాడే. మెట్లు దిగి, నిచ్చెన పట్టుకుని నీళ్లలోకి దిగేవాళ్లంటే చులకన. హాలొరన్ల ఇంటి నుంచి బయటికొచ్చేసరికి ఈత నిక్కరు వదులైనట్టు అనిపిస్తుంది, ఒక్క పూటలో సన్నబడతారా అనుకుంటాడు. షర్లీ పూల్లోంచి పైకి రావడానికి చేతుల్లో సత్తువ ఉండదు, నిచ్చెన దగ్గరికి ఈదుకుంటూ పోతాడు. పదిహేనోది గిల్‌మార్టిన్లది. అక్కడ జీవితంలో మొదటిసారి దూకకుండా మెట్లు దిగుతాడు. ఎక్కడా కథకుడు ‘ముసలివాడయ్యాడు’ అనడు. దిగే పద్ధతిని మాత్రం రాసుకుంటూ పోయాడు.

#5 పద్దుపుస్తకం

రెండో ప్రశ్నకి వస్తాను. అందరూ కాలం వెంట పడ్డారు గానీ ఈ కథలో అసలు దాచిపెట్టింది డబ్బు.

సమాచారం ఎప్పుడు విడుదలవుతుందో చూడండి. మొదటి పది పూల్స్ దాకా నెడ్డీ గతి గురించి మనుషుల నోట ఒక్క మాట రాదు. చెట్టు చెప్తుంది, ఎండిన పూల్ చెప్తుంది, మనుషులు చెప్పరు. పదకొండోది హాలొరన్లది. బాగా డబ్బున్న ముసలి దంపతులు, కమ్యూనిస్టులేమోనని నలుగురూ అనుమానిస్తే మురిసిపోయే రకం. అక్కడ శ్రీమతి హాలొరన్ ‘మీకొచ్చిన కష్టాలు విని చాలా బాధపడ్డాం’ అంటుంది. ఇల్లు అమ్మేశారని, పిల్లల సంగతి అని ఏదో మొదలుపెడుతుంది. ఇల్లు అమ్మినట్టు నాకు గుర్తు లేదు, పిల్లలు ఇంటి దగ్గరే ఉన్నారంటాడు నెడ్డీ. పదమూడో ఇంట్లో గ్రేస్ బిస్వాంగర్ ఎవరితోనో అంటున్న మాట అతని వెనకాల వినిపిస్తుంది: రాత్రికి రాత్రి దివాలా తీశారు, వాళ్లకి ఆదాయం తప్ప ఇంకేమీ లేదు, ఓ ఆదివారం తాగొచ్చి 5,000 డాలర్లు అప్పడిగాడు. పద్నాలుగో చోట షర్లీ, డబ్బు కోసమైతే ఇక పైసా ఇవ్వనంటుంది.

‘ఆదాయం తప్ప ఇంకేమీ లేదు’ అన్న ఆ మాట ఒక్కటి చాలు, యుద్ధం తర్వాతి అమెరికన్ సబర్బ్ ఆర్థిక చరిత్ర మొత్తం అందులో ఉంది. హాలొరన్లకి ఆస్తి ఉంది, మెరిల్ దంపతులకి జీతం ఉంది. రెంటికీ ఒకే రకం పూల్, ఒకే రకం పార్టీ, అదే జిన్. పైకి తేడా తెలీదు, జీతం ఆగేదాకా. 1934లో ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ (ఇంటి అప్పులకి ప్రభుత్వ హామీ ఇచ్చే సంస్థ), 1944లో సైనికుల కోసం జీఐ బిల్లు వచ్చాక దీర్ఘకాల వాయిదాల మీద సొంతిల్లు మామూలు ఉద్యోగికి అందింది. ఇల్లు సొంతమే, కాగితం మాత్రం బ్యాంకుది. సబర్బ్ కథల్లో ఉద్యోగం పోవడమంటే చావు కబురు కంటే ఎక్కువ గుట్టుగా ఉంచే విషయం అవడానికి కారణం ఇదే.

కాబట్టి నా జవాబు: నెడ్డీకి భ్రమ తొలగలేదు. చివరి పేరాలో కూడా తలుపు బాదుతూనే ఉంటాడు. భ్రమ తొలగింది చదివేవాడికి. అతని బిల్లు మనకి అందింది.

#6 నిడదవోలు

అలాగైతే లెవిట్‌టౌన్ కథే కదా ఇది? ఒకే అచ్చు ఇళ్లు, ఒకే అచ్చు మనుషులు.

#7 పద్దుపుస్తకం

కాదండీ. ఈ రెండూ కలిపేస్తే చీవర్ మొత్తం తప్పుగా అర్థమవుతుంది.

న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో లెవిట్‌టౌన్ 1947–51 మధ్య కట్టింది. 17,000 పైచిలుకు ఇళ్లు, 60 అడుగులకి 100 అడుగుల స్థలం, మొదటి రకం ఇల్లు సుమారు 750 చదరపు అడుగులు. 1949 మోడల్ ధర 7,990 డాలర్లు. కార్మికులు, చిన్న గుమాస్తాలు, యుద్ధం నుంచి వచ్చిన కుర్రాళ్లు. అక్కడ ఇంటికో పూల్ ఎక్కడ! చీవర్ లోకం హడ్సన్ ఒడ్డున వెస్ట్‌చెస్టర్ కౌంటీ. 1951లో స్కార్‌బరో చేరాడు, 1961లో ఆసినింగ్‌లో ఇల్లు కొన్నాడు, 1982లో అక్కడే పోయాడు. మన్‌హాటన్‌కి ఉత్తరంగా సుమారు 30 మైళ్లు, రైలు దారి. కార్లూ ఫ్రీవేలూ రాకముందే రైలుతో పుట్టిన సబర్బ్ అది, పాత డబ్బున్న చోటు. అతని కథల్లోని షేడీ హిల్, బుల్లెట్ పార్క్ కల్పిత ఊళ్లే, కానీ మట్టి అదే.

రెంటికీ కలిసే చోటు ఒకటుంది. ఎవరిని రానివ్వరనేది. లెవిట్‌టౌన్ మొదటి ఒప్పంద పత్రాల్లో తెల్లవాళ్లు కానివాళ్లు కాపురం ఉండకూడదని రాసి ఉండేది. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో తీర్పిచ్చినా పద్ధతి మారలేదు. పెన్సిల్వేనియాలోని రెండో లెవిట్‌టౌన్‌కి 1957 ఆగస్టులో మైయర్స్ అనే నల్లజాతి కుటుంబం వస్తే ఇంటి ముందు గుంపులు చేరి రాళ్లేశాయి. ఇళ్ల అమ్మకాల్లో వివక్షని నిషేధించే చట్టం 1968 దాకా రాలేదు. చీవర్ కథల్లో నల్లవాళ్లు దాదాపు కనిపించరంటే అది రచయిత మరచిపోవడం ఒక్కటే కాదు, ఆ ఊరి పత్రాలు అలా ఉన్నాయి. పబ్లిక్ పూల్ దగ్గర నెడ్డీ ముఖం చిట్లించుకోవడం కూడా ఈ కళ్లతో చదవాలి. క్లోరిన్ వాసన, కాళ్లు కడుక్కునే మురికి నీళ్లు, గుర్తింపు బిళ్ల లేదని లైఫ్‌గార్డ్ అరుపు. ఎనిమిది మైళ్లలో అతను బిళ్ల చూపించాల్సిన చోటు అదొక్కటే.

#8 వరండా

మగవాళ్ల జీతాల లెక్క చెప్పారు, బాగుంది. ఆడవాళ్ల చేతిలో ఇంకో పద్దు ఉంది, ఆహ్వానాల పద్దు.

బిస్వాంగర్ల సంగతే చూడండి. ఏడాదికి నాలుగుసార్లు, ఆరు వారాల ముందుగా మెరిల్ దంపతుల్ని భోజనానికి పిలిచేవాళ్లు. ప్రతిసారీ వీళ్లు రామనేవాళ్లు. లూసిండా క్రిస్మస్ కార్డుల జాబితాలో కూడా వాళ్ల పేరు లేదు. అందుకే పిలవని పేరంటంగా వచ్చిన నెడ్డీని గ్రేస్ అంత కటువుగా పలకరిస్తుంది, బార్ దగ్గర మందు పోసేవాడు కూడా లెక్కచేయడు. వాడికి ఇంటి యజమానురాలి చూపు చాలు. ఇన్నేళ్లు తిరస్కరించిన ఆహ్వానాలకి వడ్డీతో సహా వసూలు.

‘ద కంట్రీ హజ్బెండ్’ (1954)లో ఇది ఇంకా సూటిగా ఉంటుంది. ఫ్రాన్సిస్ వీడ్ ఎక్కిన విమానం ఫిలడెల్ఫియా దగ్గర పొలంలో దిగిపోతుంది, ప్రాణాలతో ఇంటికొస్తాడు, ఇంట్లో ఒక్కరూ వినిపించుకోరు. పిల్లల పోట్లాట, భోజనం వేళ. సరే, తర్వాత అతను రైలు ప్లాట్‌ఫారం మీద శ్రీమతి రైట్‌సన్‌తో అమర్యాదగా మాట్లాడతాడు. విమానం కూలడం భార్య జూలియాని కదిలించలేదు గానీ ఈ మాట మాత్రం ఇల్లు కూల్చినంత పని చేస్తుంది. ఎందుకంటే ఊళ్లో ఎవరి పిల్లల్ని ఏ డ్యాన్స్ పార్టీకి పిలవాలో తేల్చేది రైట్‌సన్ గారే. కూతురు హెలెన్ భవిష్యత్తు ఆ జాబితాలో ఉంది. జూలియా కోపం పైపై ఆడంబరం అని చాలామంది రాస్తారు. నాకు అలా అనిపించదు. ఉద్యోగం లేని ఆమెకి ఆ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఆస్తిని భర్త సరదాగా తగలేశాడు.

మరి లూసిండా? నదికి ఆమె పేరు. మొదటి పేజీలో ‘నిన్న రాత్రి ఎక్కువ తాగాం’ అనే గుంపులో ఆమె మాట ఒకటి వినిపిస్తుంది, అంతే. ఆ తర్వాత ఆమె పేరు ఈదుతుంది తప్ప ఆమె లేదు.

#9 నిడదవోలు

వరండా గారూ, ఆ కోణం నేను ఎక్కడా చదవలేదు. మిగతా కథల్లో కూడా భ్రమ తొలగేది పాఠకుడికేనా? పద్దుపుస్తకం గారి సూత్రం అన్నిటికీ పనిచేస్తుందా?

#10 పాత సంచిక

చీవర్‌కి దాదాపుగా పనిచేస్తుంది. మూడు చూద్దాం.

‘ద ఫైవ్-ఫార్టీ-ఎయిట్’ (1954): బ్లేక్ తన దగ్గర పనిచేసిన మిస్ డెంట్‌ని వాడుకుని, ఆమె లేని సమయం చూసి ఉద్యోగం తీయించేస్తాడు. ఆమె చేతిసంచిలో పిస్టల్ పెట్టుకుని 5:48 లోకల్ రైల్లో అతని పక్కన కూర్చుంటుంది. పెట్టెలో ఇద్దరు పొరుగువాళ్లున్నారు, శ్రీమతి కాంప్టన్, వాట్‌కిన్స్. కేక వేస్తే సరిపోతుంది కదా? ఇద్దరితోనూ బ్లేక్‌కి మాటల్లేవు, కారణం అతనే. ఒక మనిషి చేసిన పాపాలన్నీ ఒకే రైలుపెట్టెలో సీట్లుగా అమర్చాడు చీవర్. చివర్లో షేడీ హిల్ స్టేషన్ దగ్గర అతని ముఖం మట్టిలో పెట్టించి ఆమె వెళ్లిపోతుంది. అతను లేచి, టోపీ తీసుకుని ఇంటికి నడుస్తాడు. మారాడని ఒక్క ముక్క లేదు.

‘ద హౌస్‌బ్రేకర్ ఆఫ్ షేడీ హిల్’ (1956): ఉద్యోగం పోయిన జానీ హేక్ రాత్రిపూట పొరుగింట్లో దూరి పర్సులోంచి 900 డాలర్లు దొంగిలిస్తాడు. తర్వాత ఉద్యోగం మళ్లీ దొరికి, రాత్రిపూటే వెళ్లి ఆ సొమ్ము తిరిగి పెట్టి వస్తుంటే పోలీసులు ఆపి, ఇంత రాత్రి ఏం చేస్తున్నారంటారు. కుక్కని తిప్పుతున్నానంటాడు. అక్కడ కుక్క లేదు. వాళ్లూ చూడలేదు. ఆ ఊరి పోలీసుకి తెల్లటి మధ్యతరగతి ముఖం కనిపిస్తే కుక్క కనిపించాల్సిన పనిలేదు.

‘కంట్రీ హజ్బెండ్’ చివర ఫ్రాన్సిస్ నేలమాళిగలో వడ్రంగం చేస్తుంటాడు, డాక్టరు సలహా మీద. తిరిగి డబ్బాలో పెట్టి మూతేశారు. ముగింపు మాత్రం రాజులూ ఏనుగులూ అంటూ ఒక్కసారిగా ఎగురుతుంది. ఆ ఒక్క వాక్యం కథని కాపాడిందా, చేతులు దులుపుకుందా అనేది ఇంకో చర్చ. నాకు దులుపుకున్నట్టే ఉంటుంది.

ఇంకో అమెరికన్ కథకుడు జాన్ అప్‌డైక్ దగ్గర సూత్రం తిరగబడుతుంది. ‘సెపరేటింగ్’ (1975)లో రిచర్డ్, జోన్ మేపుల్ విడిపోతున్నట్టు నలుగురు పిల్లలకి చెప్పాలి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పాలని జోన్ ప్రణాళిక. లాబ్‌స్టర్ విందు బల్ల దగ్గరే రిచర్డ్ కన్నీళ్లు ఆగక అది చెదిరిపోతుంది. అంతకు ముందు పగలంతా అతను వరండా తలుపుకి కొత్త తాళం బిగిస్తుంటాడు, తను వదిలి వెళ్లబోయే ఇంటికి. చివర్లో పెద్ద కొడుకు చీకట్లో ‘ఎందుకు?’ అని అడుగుతాడు. తండ్రికి కారణం గుర్తుకు రాదు. ఇక్కడ భ్రమ తొలగింది పాత్రకే, అదీ అర్ధరాత్రి, పిల్లవాడి ప్రశ్నతో. పాఠకుడికి మొదటి పేజీ నుంచే తెలుసు.

#11 సాయంత్రం బస్సు

అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ కథలు కూడా ఈ జాబితాలో పెట్టొచ్చా? ‘వై డోన్ట్ యూ డాన్స్?’లో ముందు పెరడంతా ఇంట్లోని సామానే కదా.

#12 పాత సంచిక

పెట్టొచ్చు, కానీ పక్క అరలో. చీవర్‌లో ఇల్లు పోవడం భయం, కార్వర్‌లో అది ఇప్పటికే అయిపోయిన పని. ఆ కథలో మనిషి పడగ్గదిని పడగ్గదిలాగే ముందు పెరట్లో పరిచి, లోపల్నుంచి తీగ లాగి దీపాలు కూడా వెలిగేలా పెడతాడు. కుర్ర జంట వచ్చి బేరమాడతారు. మంచం 50 అంటే 40కి, టీవీ 25 అంటే 15కి. అతను అన్నిటికీ సరేనంటాడు. ఆ ‘సరే’లోనే కథ ఉంది. బేరం తగ్గకుండా గట్టిగా నిలబడే మనిషికి ఇంకా పోగొట్టుకోవడానికి ఏదో ఉన్నట్టు. అతనికి లేదు.

#13 ఫ్రిస్కో తెలుగు

ఇక్కడ ఒక పని ప్రశ్న. టెక్సస్‌లో మనవాళ్లు ఎక్కువున్న కాలనీ నేపథ్యంగా కథ రాసేవాళ్లు చీవర్ నుంచి ఏం తీసుకోవచ్చు? హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) ఉత్తరాలు, ఒకే రంగు గోడలు, స్కూల్ రేటింగ్ చూసి కొన్న ఇల్లు, హెచ్1బీ మీద ఉన్న ఒకే జీతం... అన్నీ ఉన్నాయి. రాస్తే వ్యాసంలా వస్తోందని చాలామంది అంటుంటారు.

#14 పద్దుపుస్తకం

‘ఆదాయం తప్ప ఇంకేమీ లేదు’కి హెచ్1బీ కంటే పెద్ద ఉదాహరణ ఎక్కడుంది! ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. నెడ్డీకి అది కూడా తెలిసి ఉంటే బాగుండేది.

#15 పాత సంచిక

వ్యాసంలా రావడానికి మామూలుగా కనిపించే కారణాలు చెప్తాను.

మొదటిది, చిరాకుని పాత్ర నోట పెట్టడం. ‘ఇంత పెద్ద ఇల్లు కొన్నాం, సుఖం లేదు’ అని రెండో పేరాలోనే అనిపిస్తే ఇక చదవాల్సింది మిగలదు. నెడ్డీ ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయడు. అతను ఉత్సాహంగా ఉన్నకొద్దీ మనకి భయం పెరుగుతుంది. కథకి పనికొచ్చేది ఫిర్యాదు చేయని మనిషి.

రెండోది, వరస లేకపోవడం. చీవర్ ఒక చేష్టని తీసుకుని పదహారుసార్లు చేయించాడు, ప్రతిసారీ ఒక్క వస్తువు మార్చాడు. మీ కథలో ఆ చేష్ట ఏమిటి? దీపావళికి ఇల్లిల్లూ మిఠాయి డబ్బా ఇచ్చి రావడం కావచ్చు, పిల్లల్ని కార్‌పూల్‌లో దింపడం కావచ్చు. ముందు వీధి పటం గీయండి, ఇళ్లకి పేర్లు రాయండి, ఎవరి ఇంట్లో ఏం తెలుసో, ఎవరికి తెలియదో పక్కన రాసుకోండి. మొదటి సగం ఇళ్లలో ఎవరూ అసలు విషయం ఎత్తకూడదు. వస్తువులే చెప్పాలి: కోయని లాన్, రెండు కార్లున్న చోట ఒకటి, గుమ్మం దగ్గర తెరవని ఉత్తరాలు. మనుషులు నోరు తెరిచేది మూడింట రెండొంతులు దాటాక. అప్పుడు కూడా మొదట జాలి రావాలి, తర్వాత ఎగతాళి, చివరికి విసుగు. హాలొరన్, బిస్వాంగర్, షర్లీ వరస సరిగ్గా అదే. తలకిందులు చేస్తే, అంటే ఎగతాళితో మొదలుపెడితే, జాలి దగ్గరికి వచ్చేసరికి కథ మెత్తబడి కూర్చుంటుంది.

మూడోది మనవాళ్లలో ఎక్కువ: చివరి పేరాలో ఊరు గుర్తు చేసుకోవడం. వేపచెట్టు, అమ్మ చేతి ముద్ద. అది వస్తే సబర్బ్ కథ కాస్తా వలస కథ అయిపోతుంది. రెండూ వేరు. నెడ్డీకి తిరిగి పోవడానికి ఇంకో ఊరు లేదు, అందుకే ఆ తలుపు అంత గట్టిది.

#16 వరండా

మూడో దానితో సగమే ఒప్పుకుంటాను. వెనకటి ఊరు ఉన్నా సబర్బ్ కథ అవుతుంది, ఎలా వాడుకున్నామన్నదే. ఝుంపా లాహిరి ‘మిసెస్ సెన్స్’ చూడండి (1999 సంపుటి, 2000లో పులిట్జర్). కలకత్తా నుంచి తెచ్చుకున్న కత్తిపీట ముందు కూర్చుని కూరగాయలు తరుగుతూ మిసెస్ సెన్ పదకొండేళ్ల ఎలియట్‌ని అడుగుతుంది: ఇప్పుడు నేను గొంతెత్తి అరిస్తే ఎవరైనా వస్తారా? మరీ గోల చేస్తున్నావని ఫిర్యాదు చేస్తారేమో అంటాడు పిల్లవాడు. అంతే, కలకత్తా వర్ణన కోసం పేజీలు ఖర్చు పెట్టనక్కర్లేదు. వెనకటి ఊరు ఇక్కడ కొలబద్దగా వచ్చింది, ఓదార్పుగా రాలేదు.

పైగా ఆమె కష్టం ఎంత చిన్న వస్తువు మీద నిలబెట్టిందో చూడండి. డ్రైవింగ్ రాదు. చేప కావాలంటే కారు కావాలి. చీవర్ మగవాళ్లకి రైలు ఉంది, లాహిరి ఆడమనిషికి ఆ రైలు కూడా లేదు. కథలో జరిగే చిన్న ప్రమాదం, ఆ తర్వాత పిల్లవాడి తల్లి తీసుకునే నిర్ణయం, అన్నీ ఆ ఒక్క లైసెన్సు చుట్టూ తిరుగుతాయి. ఫ్రిస్కో గారూ, మీ కాలనీలో డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ల వైపు నుంచి రాసి చూడండి. జీతం పోతే ఏమవుతుందో వాళ్లకే ముందు తెలుస్తుంది, అడిగేవాళ్లే ఉండరు.

#17 ఫ్రిస్కో తెలుగు

మిఠాయి డబ్బా బాగా పనికొచ్చేలా ఉంది. ఎన్ని ఇళ్లు పెట్టాలి? పదహారు మన కథల నిడివికి ఎక్కువేమో.

#18 పాత సంచిక

చీవర్ కూడా పదహారింటికీ సమానంగా చోటివ్వలేదు. గ్రాహంలకి ఒక పేరా, హామర్ల నుంచి క్రాస్‌కప్‌ల దాకా నాలుగు ఇళ్లు నాలుగైదు వాక్యాల్లో అయిపోతాయి. బరువంతా బంకర్, లెవీ, పబ్లిక్ పూల్, హాలొరన్, బిస్వాంగర్, షర్లీ మీద. మీకు ఎనిమిది ఇళ్లు చాలు. అందులో మూడు ఒకే వాక్యంలో దాటించండి, లేకపోతే జనాభా లెక్కలా ఉంటుంది. ఒక ఇంటికి తాళం ఉండాలి. ఒక ఇంట్లో మీ మనిషిని ఎప్పుడూ చిన్నచూపు చూసినవాళ్లు ఉండాలి, ఇంకో ఇంట్లో మీ మనిషి చిన్నచూపు చూసినవాళ్లు ఉండాలి. ఈ రెండు తలుపులూ పక్కపక్కన పెట్టకండి.

#19 కృష్ణలంక

పటం, మూడు గడియారాలు, బిస్వాంగర్ల ఆహ్వానాలు: గంటన్నరకి ఇవి సరిపోతాయి. 1968లో బర్ట్ లాంకాస్టర్‌తో వచ్చిన సినిమా కూడా చూపించమంటున్నారు కొందరు. కథకి ముందా, తర్వాతా?

#20 చుక్కలవేట

తర్వాతే. సినిమాలో కథలో లేని ఒక బేబీసిట్టర్ అమ్మాయి చాలాసేపు అతని వెంట నడుస్తుంది. ముందే చూస్తే పుస్తకంలో ఆమె కోసం వెతుకుతారు.

#21 మోడరేటర్

‘కంట్రీ హజ్బెండ్’ ముగింపు మీద పాత సంచిక గారు అన్నదానికి ఇప్పటికే ఇద్దరు విడిగా అభ్యంతరం పంపారు. దానికి వేరే దారం తెరిచాం, అక్కడ కొనసాగించండి. చదవనివాళ్లు ముందు కథ చదివి రండి, ఏనుగుల వాక్యం గురించి అక్కడ దాపరికం ఉండదు.